ఒక్క గంజి తాగిన పోగులు

మాలతి నోట్లో నువ్వుగింజ నానదని కర్మన్‌ఘాట్‌లో వాళ్ల గల్లీ అంతా చెప్పుకుంటుంది. అలాంటి మనిషి ఒక ఆదివారం పొద్దున, చైతన్యపురిలో, నలుగురి మధ్య అరగంట సేపు నోరు కుట్టేసుకుని నిలబడింది. ఆ అరగంటలో ఆమె ఏమీ చెయ్యలేదు. చెయ్యకుండానే ఎంత చెయ్యొచ్చో నాకప్పుడు తెలిసింది.

ఆమెకు ఒక్కడే కొడుకు, క్రాంతికుమార్. భర్త నరేష్‌కుమార్‌కు దిల్‌సుఖ్‌నగర్‌లో మ్యాచింగ్ సెంటర్ ఉంది, పొద్దున పోతే రాత్రికి గానీ రాడు. ఇంట్లో ఇంకో మనిషి అత్తగారు కనకమ్మ, డెబ్బయి ఆరేళ్లది. పోచంపల్లిలో భర్త సిద్ధిరాములుతో కలిసి నలభై ఏళ్లు మగ్గం మీద బతికి, ఆయన పోయాక కొడుకు దగ్గరికి వచ్చింది. ఇల్లు రెండంతస్తులు. పైన రెండు గదులు కిరాయికిస్తారు. ఆ రెండు గదులే కొంప ముంచాయి.

పోయిన దసరాకు ముందు ఆ గదులు చూడ్డానికి మొగుడూ పెళ్లాం ఎవరో వచ్చారు. మాలతి మంచినీళ్లిచ్చింది, ఊరడిగింది, ఇంటిపేరడిగింది. ఆఖరికి "మీరేంటోళ్లు?" అని కులం అడిగింది. వాళ్లు చెప్పారు. "అయ్యో, నిన్ననే వేరేటోళ్లకు మాటిచ్చినం" అని నవ్వుతూ గేటు దాకా సాగనంపింది. అప్పుడు మెట్ల మీద క్రాంతి ఉన్నాడు. ఆ సాయంత్రం బ్యాగు సర్దుకుని పోయి చైతన్యపురిలో ఒక హాస్టల్లో చేరాడు. పదకొండు రోజులు. మాలతి ఆ పదకొండు రోజులూ సరిగ్గా అన్నం ముట్టలేదు. చివరికి ఆ హాస్టల్‌కు పోయి, కోచింగ్ పిల్లలంతా చూస్తుండగా మెట్ల మీద కూర్చుని ఏడ్చి, కొడుకు నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేసింది. "ఇగ ఎవల్నీ గా మాట అడుగ బిడ్డా, నీ మీద ఒట్టు."

"ఇంకొక్కసారి అడిగినవని తెలిస్తే నాకు అమ్మ లేదనుకుంట" అన్నాడు వాడు. గట్టిగా కూడా అనలేదు. వాడు గట్టిగా అరిచే రకమైతే ఆమెకు అంత భయముండేది కాదు.

ఒట్టేసిన మూడు వారాలకు మళ్లీ అడిగింది. ఎదురుగా కాదు, ఫోన్లో. కుక్క తోక వంకర అని ఊరికే అన్నారా?

ఇప్పుడా కొడుకు ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంలో ఉండి, పుస్తకాలు మూలకు పడేసి, బొమ్మలు వేసేవాళ్లతో తిరుగుతున్నాడు. వాళ్లంతా కలిసి చైతన్యపురిలో మూతపడిన ఒక కోచింగ్ సెంటర్ మూడో అంతస్తు కిరాయికి తీసుకుని ఎగ్జిబిషన్ పెట్టారు. "అమ్మా, నువ్వూ నాయనమ్మా తప్పకుండ రావాలె. నేను వైర్లన్నీ కట్టిన, బోర్డులన్నీ ఎక్కించిన" అని వారం రోజుల నుంచి ప్రాణం తీశాడు. మాలతి పట్టుచీర కట్టింది. కొడుకు దోస్తుల ముందు తక్కువ కావద్దని మెడలో రెండు పేటల గొలుసు వేసుకుంది. కనకమ్మ పోగులకు ముడులేసి రంగద్ది తను నేసుకున్న నీలం చిటికి చీర, పెట్టె అడుగున దాచుకున్నది, బయటికి తీసింది.

మెట్ల గోడల మీద పాత ర్యాంకర్ల ఫోటోలు ఇంకా నవ్వుతూనే ఉన్నాయి. "ఇదేనా మనోడు పెట్టింది?" అని అడిగింది కనకమ్మ. "కాదత్తమ్మా, ఇవి చదువుకున్నోళ్లయి" అంది మాలతి. అందులో ఒక పోటు ఉంది.

పైన హాల్లో బెంచీలు లేవు. ఒక మూల మూసీ నీళ్లు నింపిన సీసాలు వరసగా పెట్టి, ఒక్కోదానికి ఒక్కో ఎన్నికల సంవత్సరం రాసి అంటించారు. ఇంకో గోడకు సిరా పూసిన వేళ్ల ఫోటోలున్నాయి, అన్నీ తెగి కిందపడ్డట్టు. మాలతి వాటి ముందు ఒక నిమిషం నిలబడి, ఇవి ఎవరైనా కొంటారా అనుకుంది. హాలు నడుమ మాత్రం కప్పుకు తాళ్లు కట్టి టు-లెట్ బోర్డులు వేలాడదీశారు. నలభై మూడు. అన్నీ అసలైనవే, గేట్లకు కట్టి ఎండకు వెలిసినవి, ఫోన్ నంబర్ల మీద మాత్రం నల్లరంగు పూశారు. ఒక్కో బోర్డు కింద ఒక పాత ఫోన్ రిసీవర్. ఎత్తి చెవికి పెట్టుకుంటే మాటలు వినిపిస్తాయి.

అవి చేసిన పిల్ల పేరు స్వప్న. నల్గొండ నుంచి వచ్చి సైదాబాద్‌లో ఒక స్కూల్లో డ్రాయింగ్ టీచరుగా పనిచేస్తోంది. ఇల్లు వెతుక్కుంటూ తను చేసిన ఫోన్లన్నీ రికార్డు చేసి ఇలా పెట్టింది. వకీలు చెప్పాడని ఓనర్ల గొంతులన్నీ మిషన్‌లో వేసి ఒక్క తీరుగా మార్చేసింది. ఆడైనా మగైనా, ముసలైనా వయసైనా, బావిలోంచి మాట్లాడినట్టు ఒకటే మొద్దు గొంతు. తన గొంతు మాత్రం అలాగే ఉంచింది. క్రాంతి ఆ పిల్లను తీసుకొచ్చి పరిచయం చేశాడు. మాలతి నవ్వి, తలూపి, గాజులు సర్దుకుంది. ఆ సమయానికి ఏమీ మాట్లాడకపోవడం ఆమె అదృష్టం.

క్రాంతి నాయనమ్మకు సీసాలు చూపిస్తుంటే, మాలతి ఒక్కతే బోర్డుల్లోకి నడిచింది. కర్మన్‌ఘాట్ అని రాసున్న కాగితం కనబడితే, మన దిక్కు వాళ్లెవరో దొరికార్రా అని సరదాగా రిసీవర్ ఎత్తింది. పక్కింటి అరుణమ్మ అయితే ఎంత బాగుండు అని కూడా ఆశపడింది.

"నమస్తే మేడం, టు-లెట్ బోర్డు చూసి చేస్తున్న. రెండు గదులు ఖాళీ ఉన్నయా?"

"ఉన్నయి బిడ్డా. ఎంతమంది ఉంటరు?"

"నేను, మా అమ్మ."

"ఏం జేస్తవు?"

"స్కూల్ల డ్రాయింగ్ టీచర్‌ను మేడం."

"మంచిది బిడ్డా. మీరేంటోళ్లు?"

"ఎస్సీలం మేడం."

"అయ్యో. నిన్ననే వేరేటోళ్లకు మాటిచ్చినం గద."

"బోర్డు ఇంక గేటుకే ఉంది మేడం. ఇప్పుడే చూసిన."

"ఉంటదిలే. ఎట్ల చెప్పాలె నీకు... ఒక్క గంజి తాగిన పోగులే అతుకుతయి బిడ్డా. ఏమనుకోకు."

మాలతి రిసీవర్ పెట్టేసింది. గొంతు ఆమెది కాదు. మాటలు అక్షరం పొల్లుపోకుండా ఆమెవి.

ఆ చివరి మాట గురించి చెప్పాలి. అది ఏ సామెతల పుస్తకంలోనూ లేదు. కనకమ్మ సొంతం. మగ్గం మీద పాత పడుగు అయిపోవస్తే, దాని కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే మెలేసి అతుకుతారు. రెండింటికీ ఒకే గంజి పెట్టి ఉంటేనే అతుకు నిలుస్తుంది, లేకపోతే జారిపోతుంది. నూలు దొరకని రోజుల్లో ఆమె, సిద్ధిరాములు, పక్కింటి చాకలోళ్లు, ఎదురింటి దూదేకులోళ్లు అంతా ఒకే కుండలో కాచుకుని గంజి తాగి బతికారట. అప్పటి నుంచి ఆమెకు ఆ మాట ఊతపదం. కష్టంలో కలిసి ఆకలి పంచుకున్నవాళ్లే కడదాకా కలిసుంటారని దాని అర్థం. ఇరవై నాలుగేళ్లుగా విని విని మాలతికీ నోటికొచ్చేసింది. అత్త మాట తీసుకుని, అర్థం మాత్రం తనది పెట్టుకుంది.

దొంగకు తేలు కుట్టినట్టయింది మాలతి పని. అరవడానికి లేదు, పారిపోవడానికి లేదు. తలనొప్పి అని చెప్పి ఇద్దర్నీ తీసుకుని బయటపడదామని రెండడుగులు వేసింది. ఈలోగా క్రాంతి నాయనమ్మ చెయ్యి పట్టుకుని అటే వచ్చాడు.

"ఇగో నాయనమ్మా, మన కర్మన్‌ఘాటుది. నేను గూడ ఇది వినలె."

"ఒద్దురా, పోదాం, నాకు..." అని మాలతి అనబోయింది. వాడప్పటికే రిసీవర్ ఎత్తాడు.

వినేకొద్దీ వాడి ముఖంలో రంగు దిగిపోవడం ఆమె చూసింది. చిన్నప్పుడు టైఫాయిడ్ వచ్చి దవాఖానలో పడుకున్నప్పుడు ఉన్న రంగు. వాడు రిసీవర్ దించి స్వప్నను పిలిచాడు. "ఈ ఫోన్ ఏ నంబర్‌కు చేసినవు? ఒకసారి చూడవా?"

స్వప్న నోట్‌బుక్ తెచ్చి, వేలు పెట్టి వరస వెతికి చదివింది. అది ఇంట్లో టీవీ పక్కన ఉండే చిన్న ఫోన్ నంబరు. ముక్కూ ముఖం తెలియనివాళ్లకు తన నంబర్ ఎందుకని మాలతి బోర్డు మీద ఆ నంబరే రాయించింది. మధ్యాహ్నాలు కనకమ్మ పోచంపల్లిలో ఉన్న కూతురితో మాట్లాడేది కూడా ఆ ఫోన్లోనే.

"అసలు గొంతు ఉందా నీ దగ్గర?"

"లేదు క్రాంతీ. ఉంచితే కేసైతదన్నడు వకీలు. అన్నీ తీసేసిన."

వాడు తల్లి ముఖంలోకి చూశాడు. వాడి నెత్తి మీద చెయ్యి పెట్టి వేసిన ఒట్టు మాలతికి గుర్తొచ్చింది. ఇప్పుడు ఏం చెప్పినా దొరికిపోతుంది. చెప్పకపోయినా దొరికిపోతుంది. కొడుకు పోతాడు. ఈసారి హాస్టల్ మెట్ల మీద ఏడ్చినా రాడు.

"ఏందిరా? ఏమంటున్నరు అండ్ల?" అంది కనకమ్మ.

వాడు నాయనమ్మ వైపు తిరిగాడు. "'ఒక్క గంజి తాగిన పోగులే అతుకుతయి' అంటున్నరు నాయనమ్మా. ఎవరి మాట ఇది? నీదేనా?"

కనకమ్మ ముఖం వెలిగిపోయింది. ఇంత పెద్ద హాల్లో, ఇంతమంది చదువుకున్న పిల్లలు, తన మాట పెట్టెలో పెట్టి వినిపిస్తున్నారు! మనవడు తన మాటను ఇక్కడి దాకా తెచ్చాడు! ఆ పిచ్చి తల్లి అలాగే అనుకుంది.

"నాదే! ఇంకెవలది?"

"నువ్వే అన్నవా?"

"నేనే అన్న. ఎన్నిసార్లన్ననో. ఎవలడిగినా గదే చెప్త." చుట్టూ చేరిన వాళ్లకేసి గర్వంగా చూసింది. "నా మాటరా అది. రాసుకోండ్రి."

ఎవరో ఫోన్ ఎత్తి వీడియో తీస్తున్నారు. ఒకమ్మాయి ఛీ అంది. కనకమ్మకు అది వినబడింది, అర్థం కాలేదు. నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది, దాన్నేం చెయ్యాలో తెలియనట్టు.

ఇక్కడ మాలతి ఒక్కమాట అంటే సరిపోయేది. అత్తమ్మా, వాడడిగేది అది కాదు. అంతే. ఆమె పమిట కొంగు సర్దుకుంది. అబద్ధమేమీ ఆడలేదు, నోరు మూసుకుంది. లోపల ఏదో చల్లగా దిగింది, మండుటెండలో మజ్జిగ తాగినట్టు.

క్రాంతి తల్లి దగ్గరికొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్లల్లో నీళ్లు. "నేను నిన్ననుకున్ననమ్మా. మాఫ్ చెయ్యి."

ఆమె మాఫ్ చేసింది. తల నిమిరి మరీ చేసింది.

తర్వాత వాడు నాయనమ్మ ముందుకుపోయి, ఇల్లడిగింది ఈ పిల్లేననీ, ఏం కులమో అడిగి ఆ మాట చెప్పి లేదన్నారనీ ఒక్కొక్కటే చెప్పాడు. ముసలిదాని నవ్వు అప్పుడు రాలిపోయింది. నెమ్మదిగా తల తిప్పి కోడలి వైపు చూసింది. మాలతి గోడ మీది వేళ్ల ఫోటోలు చూస్తోంది.

"స్వప్నకు మాఫీ చెప్పు నాయనమ్మా" అన్నాడు క్రాంతి.

వీడియో తీసే పిల్ల ఇంకాస్త దగ్గరికొచ్చింది. మాలతికి ఇక అక్కడ ఒక్క క్షణం ఉండాలని లేదు. అంతా అయిపోయింది, గట్టెక్కింది, ఇంటికి పోవాలి. ఆ తొందరే చేటు తెచ్చింది. అరగంట నుంచి మూసుకున్న నోరు తెరిచి, స్వప్న భుజం మీద చెయ్యేసి, ఎంతో మర్యాదగా అంది.

"పోనీతియ్యి బిడ్డా. పెద్దమనిషి గద. ఏమనుకోకు."

స్వప్న తలెత్తింది. భుజం మీది చేతిని చూసింది, తర్వాత ఆ చెయ్యి ఎవరిదో ఆ ముఖం చూసింది.

"మీరే" అంది.

"ఏంది?"

"నలభై మూడు మంది నాకు ఇల్లు లేదన్నరు. బిడ్డా అనుకుంట లేదన్నది ఒక్కరే. గా బిడ్డా, గా ఏమనుకోకు, గిట్లనే. గొంతు మార్చింది నేనే గద మేడం, మార్చక ముందు ఎన్నిసార్లు విన్ననో నాకే ఎరుక. అది మీ గొంతు."

మాలతి చెయ్యి వెనక్కి తీసుకుంది. "నేనా? ఓ పిల్లా, ఏం మాట్లాడుతున్నవ్?" అనబోయి, మాట్లాడితే ఇంకా పట్టుబడతానని మింగేసింది. కొడుకు వైపు బేలగా చూసింది. అది ఆమెకు బాగా వచ్చు.

క్రాంతి ఇద్దరి మధ్య నిలబడ్డాడు. పాపం, వాడికి ఇరవై ఒకటే. న్యాయమంటే బోర్డుల మీద ఎక్కించడం వచ్చు గానీ, ఇంట్లో ఎక్కడ పెట్టాలో వాడికింకా తెలియదు. నాయనమ్మ చెయ్యి తీసి తన నెత్తి మీద పెట్టుకున్నాడు.

"నా మీద ఒట్టేసి చెప్పు. ఫోన్ల మాట్లాడింది నువ్వా, అమ్మనా?"

కనకమ్మకు ఇప్పుడు ప్రశ్న బాగా అర్థమైంది. నిజం చెబితే ఏమవుతుందో కూడా తెలుసు. ఆ పదకొండు రోజులూ ఆ ఇంట్లో ఉన్నది ఆమే. పొద్దునా సాయంత్రం మనవడి ఖాళీ మంచం మీద దుప్పటి దులిపి మళ్లీ పరిచింది ఆమే. ఆమె స్వప్నను చూసింది. చాలాసేపు చూసింది. ఆ పిల్ల కూడా ఆమెనే చూస్తోంది, ఆశగా.

"చెప్పిన గదరా" అంది కనకమ్మ. "నేనే."

క్రాంతి నాయనమ్మ చెయ్యి నెత్తి మీంచి తీసేశాడు. స్వప్న వైపు తిరిగి, "మా అమ్మ మీద ఎందుకేస్తవు? నాయనమ్మనే ఒప్పుకుంటున్నది గద" అన్నాడు.

స్వప్న నోట్‌బుక్ మూసింది. "నలభై మూడని రాసిన బయట. నలభై నాలుగని దిద్దాలె" అని, వాడిని దాటుకుని పోయి, ఎవరో కొత్తవాళ్లు వస్తే వాళ్లకు సీసాల గురించి చెప్పడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రానికే వీడియో తిరిగింది. నీలం చీర కట్టుకున్న ముసలామె రొమ్ము విరుచుకుని "నేనే అన్న. ఎవలడిగినా గదే చెప్త. రాసుకోండ్రి" అంటోంది. ముప్పై సెకన్లు. కింద జనం రాసిన తిట్లు చదవడానికి మాలతికి రెండు పూటలు పట్టింది. అన్నీ చదివింది. ముసల్ది చస్తే పీడ పోతుందని రాసిన దగ్గర, నిజమే, కొంచెం బాధ కూడా పడింది.

క్రాంతి నాయనమ్మతో మాట్లాడలేదు. ఆమె కంచం తెచ్చిపెడితే లేచిపోయాడు. మూడో రోజు తండ్రితో తేల్చి చెప్పాడు, ఆమె ఉన్న ఇంట్లో తనుండనని. నరేష్‌కుమార్ తల్లిని ఏమీ అడగలేదు. అడిగితే ఏం వినాల్సొస్తుందోనని భయపడ్డాడేమో, చెల్లెలికి ఫోన్ చేసి, కొన్నాళ్లు అమ్మను ఉంచుకొమ్మన్నాడు.

బట్టలు సర్దింది మాలతి. ఎల్బీనగర్‌లో పోచంపల్లి బస్సెక్కించడానికి ఆటోలో తీసుకుపోయింది కూడా ఆమే. బయల్దేరేటప్పుడు క్రాంతి గది తలుపు వేసే ఉంది. కనకమ్మ ఆ తలుపు ముందు చెప్పులేసుకోవడానికి చాలాసేపు తీసుకుంది. తలుపు తెరుచుకోలేదు.

దారి పొడవునా మాలతి ముసలామె మాటలకోసం కాచుకుని ఉంది. తిడుతుందనుకుంది. ఏడుస్తుందనుకుంది. ముఖ్యంగా, వాడికి నిజం చెప్పు, నన్ను ఇంటికి తెచ్చుకో అని కాళ్లా వేళ్లా పడుతుందనుకుంది. అలా అడిగితే ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకుంది. ఇంకో నెల పోనియ్యి అత్తమ్మా, వాడు చల్లబడనియ్యి, అప్పుడు చూద్దాం.

ఫ్లైఓవర్ కింద బస్సు వచ్చింది. సంచీ పైకందించి, కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టింది మాలతి. బస్సు దిగుతుంటే ముసలామె కోడలి కొంగు పట్టుకుంది.

"మాలతీ" అంది కనకమ్మ. "వానికి ఎన్నడు చెప్పకు. నేను సచ్చినంక గూడ చెప్పకు. ఇది నీకోసమని అనుకునేవు, కాదు. తల్లి గిట్లాంటిదని తెలిస్తే వాడు తట్టుకోడు."

కొంగు వదిలేసింది. కండక్టర్ విజిల్ వేశాడు. బస్సు హయత్‌నగర్ వైపు తిరిగింది.

మాలతికి అప్పుడు సిగ్గుతో తల వాలిపోయిందని, రోడ్డు మీదే ఏడ్చిందని రాస్తే చదివేవాళ్లకు తృప్తిగా ఉంటుంది. నాకూ రాయాలనే ఉంది. కానీ ఆమె హమ్మయ్య అనుకుంది. ఒక నెల పోయాక ఏం చెప్పాలో ఇక ఆలోచించే పని లేదు. రోడ్డు దాటి, కొడుకు తింటాడని అరకిలో జామకాయలు ఏరి తీసుకుని, ఇంటికి ఆటో మాట్లాడుకుంది.